తోలు మారిన మీ డోలు

సార్,

మీ డోలు ఈ రోజు మీ అమ్మాయితో ఘనాకు బయలుదేరింది.

జీవితమంతా మీ దేశపు డోళ్ల మాటలు విని, పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసిన మీరు మా ఊరు పాల్మాకులకు డప్పు వినడానికి వచ్చారు. వెళ్తూ, వెంట తెచ్చుకున్న ఆ డోలును మీకు డప్పు వాయించి వినిపించిన మల్లేశ్ చిన్నాయన చేతిలో పెట్టారు. వాద్యం 'పలుకుతుంది' అంటామని నేను చెబితే, ఆ మాటను పదేపదే అనుకుని సంతోషించారు.

మీరు పోయారన్న కబురు వచ్చిన రోజు చిన్నాయన దాన్ని వాయించబోయాడు. డప్పును కాచినట్టే మంట దగ్గర కాచాడు. తోలు పగిలింది. మేకతోలు వేసి బిగించాడు గానీ, అప్పటి నుంచి మనిషి కుంగిపోయాడు.

ఈ రోజు దాన్ని తీసుకెళ్లడానికి మీ అమ్మాయి వస్తే ఎదుటికి రానన్నాడు.

"సారు నమ్మి ఇచ్చిండు. ఏ మొకంతోని ఇయ్యాలె?"

జరిగింది నేనే ఇంగ్లిషులో చెప్పాను. ఆమె డోలును ఒళ్లో పెట్టుకుని వాయించి, నవ్వింది.

"పగిలిన తోలు కూడా మొదటిది కాదు. నాన్న ఎన్నిసార్లు మార్చారో. మాకు డోలంటే ఆ చెక్కే, తోలు కాదు."

లోపలికి వెళ్లి ఆ మాట తెలుగులో చెప్పగానే చిన్నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"గీ ముక్క సారు పోయేటప్పుడే చెప్పద్దా? ఎంత పరేషాన్ చేసిండు."

ఆమెను ఎయిర్‌పోర్టులో దింపి వస్తుంటే, బస్సులో అన్నాడు.

"గీ ముచ్చట సారుకు రాయి బిడ్డా."

"సారు లేడు గదా చిన్నాయనా."

"నాకెర్క లేదా? రాయి."

తర్వాత కిటికీకి తల ఆనించి, ఊరొచ్చేదాకా గురక పెట్టి నిద్రపోయాడు.