కొండ కింది కాగు, మేడ మీది ట్యాంకు

సుజాతక్కకు,

చెల్లెలు మంజుల దండం పెట్టి రాస్తున్నది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. ఐదో తరగతి చదువు ఇంతకంటే ముందుకు రాదు, తప్పులు నువ్వే దిద్దుకుని చదువుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నేను చేసినప్పుడల్లా బావ స్పీకర్ పెడతాడు, వాకిట్లో కూర్చున్న వాళ్ళంతా నాకు జవాబు చెబుతారు. ఈ సంగతి అట్లా చెప్పేది కాదు.

మేమిద్దరం బాగున్నాం. నువ్వు, పిల్లలు ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి బాగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ పోయి స్వెటర్ కొనుక్కున్నాను, నా గురించి రంది పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. మన్సూరాబాద్‌లో మా గది పై అంతస్తులో ఉంది. ఆయన నాగోల్‌లో ఆఫీసుకు పోతే పొద్దుగూకే దాకా నేనూ గోడలే. ఆయన వచ్చాక కూడా మొన్నటి దాకా ఫ్యాన్ చప్పుడే వినిపించేది. ఆయన మాట్లాడడు, నాకేమో సిగ్గు.

ఆయన పనేమిటని అమ్మ అడిగితే కంప్యూటర్ అని ఊరుకున్నాను కదా, ఇప్పుడు తెలిసింది. సముద్రాల అవతల నిప్పులు కక్కే కొండ ఒకటి ఉందట. దాని పక్కన వాన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి లోపలికి దిగి మసులుతూ ఉంటాయట. అక్కడ బోర్లు వేసి ఊళ్ళో ఇళ్ళన్నిటికీ వేడినీళ్ళు పంపుతారు. ఎంత తోడితే ఎన్నేళ్ళు వస్తాయో చెప్పడం ఈయన పని. ఆ నేలనంతా కంప్యూటర్లో గడులుగా గీసి, ఏ గడిలో ఎంత వేడి, ఎన్ని నీళ్ళు అని లెక్క కడతాడు. నాకు ఎక్కలేదని చూసి, "మన నీళ్ళు కాగవెట్టే కాగే అనుకో" అన్నాడు. "చెంబు ముంచితే చెంబు పొయ్యాలె. పొయ్యకుంటే ఎండుతది. ఒక్కతీరుగ చన్నీళ్ళు గుమ్మరిస్తే చల్లబడ్తది. మంట ఎంతనో గంతనే ముంచాలె." మన ఇంట్లోనూ ముంచిన వాళ్ళే పోయాలి కదా అక్కా. నువ్వు ముంచి పారిపోయేదానివి, తిట్లు నాకు పడేవి.

అసలు సంగతికి వస్తాను. మా మేడ మీద ఎండకు నీళ్ళు కాగే సోలార్ ట్యాంకు ఉంది, బిల్డింగు మొత్తానికీ అదొక్కటే. మేం వచ్చినప్పటి నుంచి తెల్లవారేసరికే చన్నీళ్ళు వస్తున్నాయి. మా ఓనరమ్మ వాళ్ళు ఇక్కడి పాత రైతులు. పొలం పోయి బిల్డింగు వచ్చినా, వెనకాల కొట్టంలో బర్రె మాత్రం ఉంది. మేమందరం ఆ పాలే కొంటాం. ఆమె ఒకరోజు మెట్ల మీద నిలబడి అందరూ వినేటట్టు అన్నది: "కొత్త పిల్ల వచ్చినకాడికెల్లి నీళ్ళు ఉంటలెవ్వు. గంతసేపు ఏం తోముకుంటదో ఏమో. ఈ నెల చూస్త. గిట్లనే ఉంటే గది ఖాళీ చెయ్యుండ్రి."

నేను లోపలికి పోయి ఏడ్చాను. రాత్రి ఆయనకు చెప్పాను. ఆయన అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కంప్యూటర్ తెరిచాడు. "నువ్వు పోసుకునేది రెండు చెంబులు. నాకు తెల్వదా? లెక్క కట్టి చూపిస్త."

కానీ లెక్కకు ముందు ఎవరెవరు ఎన్ని నీళ్ళు పోసుకుంటారో కావాలట. మగవాడు అడిగితే బాగుండదని నన్ను పంపాడు. పెళ్ళిపీటల మీద తల ఎత్తని దాన్ని, ఇంటింటికీ పోయి స్నానాల గురించి అడిగాను. కింది అంతస్తులో ఉండే గుంటూరు ఆంటీ, "మా స్నానాలతో మీ ఆయనకేం పనమ్మా?" అని కాసేపు చూసి, "సరే, రాసుకో. నాకొక బకెట్టు. మా ఆయనకి అరబకెట్టు చాలు, తల మీద ఏముందని" అన్నది. ఓనరమ్మకైతే చెంబెడు చాలట. వాళ్ళ మాటల ప్రకారం మా బిల్డింగులో ఎవరూ సరిగా స్నానం చేయడం లేదు.

ఆయన అన్నిటినీ రెట్టింపు చేశాడు. అయినా ట్యాంకు నీళ్ళతో లెక్క కుదరలేదు. ట్యాంకు పైపుకు వేడి చూసే మీటరు కట్టాడు. మనుషులు లేవకముందే వేడి పడిపోతోంది. "ఆడ కొండకాడ గూడ గింతే" అన్నాడు. "అయిపోయిన దినాల లెక్క కుదరకుంటే, వచ్చే దినాల లెక్క ఎవ్వడు నమ్మడు. మనకు తెల్వని బోరు ఎక్కడనో ఉన్నది."

తెల్లవారుజామున ఇద్దరం పైపు వెంబడి మేడ మీది నుంచి దిగాం. అది వెనక గోడ పట్టుకుని నేరుగా కొట్టంలోకి పోయింది. లోపల పొగలు. ఓనరమ్మ పైపు పట్టుకుని నిలబడింది, బర్రె కళ్ళు మూసుకుని మహారాణి లెక్క వేడినీళ్ళు పోయించుకుంటున్నది.

"ఏం చూస్తుండ్రు?" అన్నది ఓనరమ్మ. "చలికి చేపుతలేదు. గోరెచ్చని నీళ్ళు పోస్తేనే పాలిస్తది. ఆ పాలే గద మీరు తాగేది."

"పెద్దమ్మా, మా లెక్కల మనుషులే ఉన్నరు, బర్రె లేదు" అన్నాడు ఆయన.

"మరి నీ పెండ్లాం ఇల్లిల్లు తిరిగింది గద, బర్రెనెందుకు అడగలే?"

నాకు నవ్వు ఆగలేదక్కా. ఆయన ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం అదే మొదలు. ఆయన కూడా నవ్వాడు.

ఎండ ఎంత ఇస్తే అంతే తియ్యాలని ఆయన ఓనరమ్మకు కాగు కథే చెప్పాడు. ఇప్పుడు బర్రె స్నానం ఎండెక్కాక, పొద్దున పొదుగు కడగడానికి మాత్రం ఒక బకెట్టు. మొదట బర్రె అలిగి పాలు బిగబట్టింది, అందరం గొణుక్కుంటూ నల్ల టీ తాగాం. ఇప్పుడు అలవాటు పడింది, నీళ్ళూ అందరికీ అందుతున్నాయి. ఓనరమ్మ తప్పని ఒప్పుకోలేదు కానీ, గది మాట మళ్ళీ ఎత్తలేదు. "మస్తు సన్నగున్నవ్ బిడ్డా" అని పాలు కొలత దాటి పోస్తున్నది. ఆయన ఆఫీసులో ఇప్పుడు కొండ కింద వేడి ఎక్కడైనా తగ్గితే, "బర్రె యాడుందో చూడు" అంటున్నారట. ఇంటికి రాగానే ఆయన అడిగే మొదటి మాట కూడా "ఇయ్యాల బర్రె ఏమన్నది?" అనే. అట్లా మొదలైతే అన్నం చల్లారే దాకా మాటలే.

కుంకుడుకాయలు, కొంచెం చింతతొక్కు ఎవరైనా ఎల్‌బీ నగర్ బస్సు ఎక్కితే పంపు. అమ్మకు, బావకు మా దండాలు. పిల్లలకు ముద్దులు. మేం చల్లగా ఉండాలని నువ్వూ అమ్మా మనసులో అనుకోండి, అది చాలు.

ఈ ఉత్తరంలో మా బిల్డింగు వాళ్ళందరి స్నానాలూ ఉన్నాయి. ఓనరమ్మ చెల్లెలిని ఇచ్చింది మన పక్క ఊరికే. అందుకే చదివిన వెంటనే కాగు కింద మంటలో పెట్టు. నీళ్ళు కాగాక, ఈసారైనా ముంచినదానికి బదులు ఒక చెంబు పొయ్యి.

నీ చెల్లెలు,
మంజుల