బండి చూపించకుండా కాగితం రాదన్నా

జూజువాడి, హొసూరు.

అన్నకు, నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, కవల పిల్లలు కులాసాయేనా? ఫోనులో అయితే నువ్వు నవ్వించి మాట మార్చేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు నా సంగతులు. మూకండపల్లిలో ముగ్గురు ఆడపిల్లలం ఒక గదిలో ఉంటున్నాం. మిగతా ఇద్దరూ ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతే ఆదివారాలు నేనొక్కదాన్నే. అప్పుడు మీరందరూ గుర్తొస్తారు. దిగులు పడవద్దు, వేళకు తింటున్నాను. పొద్దున పూట మన ఊరికన్నా ఇక్కడ చలి. స్వెటరు వేసుకుని జూజువాడిలో షెడ్డుకు పోతాను.

షెడ్డులో మా పని, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, పోయే బండ్లను ఆర్టీవో తనిఖీకి సిద్ధం చేయడం. డీజిల్ మెకానిక్ చదివిన ఆడపిల్లను మొదట్లో అందరూ వింతగా చూసేవారు. ఇప్పుడు మా ఓనరు నాగరాజప్ప, "బండి కింద సుజాతమ్మే చూడాల" అంటాడు.

ఇక నువ్వు అడిగిన సంగతి. మన బండికి పదిహేనేళ్లు నిండుతున్నాయి, తెలిసినవాళ్లతో చెప్పి, బండి తీసుకుపోకుండానే ఎఫ్‌సీ కాగితం ఇప్పించమన్నావు. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఎందుకో తెలియాలంటే పోయిన నెల జరిగింది చెప్పాలి.

బర్గూరు నుంచి మునియప్ప అనే పెద్దాయన వచ్చాడు. రాళ్ల క్వారీలో పనిచేసి మానేశాడు. ఆయనదీ మనదానిలాగే పది సీట్ల సొంత బండి, పదిహేనేళ్లది. భార్య లక్ష్మమ్మ వెనక సీట్లోనే కూర్చుని ఉంది.

"పెయింటు కొట్టి లైట్లు సరిచేయమ్మా, సాలు. ఈ బండి నన్ను ఒక్క తూరి కూడా నడిదారిలో నిలిపింది లేదు" అన్నాడు.

నేను కిందకు దూరి అడుగు రేకును స్క్రూడ్రైవరుతో తడుతూ పోయాను. వెనక సీటు బోల్టులు ఉన్నచోట స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. తుప్పు తినేసి ఉంది. చెబితే ఆయనకు కోపం వచ్చింది.

"పని పెంచేదానికి చెప్తా ఉండావు. ఇన్నేండ్లుగా తోలతా ఉండాను, నాకు తెలీదా?"

లక్ష్మమ్మ పైనుంచి అడిగింది. "యాడమ్మా బొక్క?"

నేను మళ్లీ కిందకు దూరి, పొడిపొడిగా రాలుతున్న రేకులోంచి వేలు పైకి పెట్టాను. ఆమె కాళ్ల కింద పట్టా పక్కకు లాగింది. నా వేలు ఆమె పాదానికి తగిలింది.

పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమయ్యా, ఈడ కూర్చోబెట్టేది మన మనవరాండ్లను."

మునియప్ప పంచె ఎగ్గట్టి, నా పక్కన నేల మీద పడుకుని చూశాడు. "రాయిలో నెర్ర యాడుండాదో తట్టి చెప్పేవాణ్ణి. నా బండిని ఒకనాడూ తట్టి చూసింది లేదు" అన్నాడు మెల్లగా.

నాలుగు రోజులు పట్టింది. కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేశాం, బ్రేకు గొట్టాలు మార్చాం, వెనక సీట్లకు బెల్టులు బిగించాం. కృష్ణగిరిలో ఇన్‌స్పెక్టరు బ్రేకు, స్టీరింగు, లైట్లు, పొగ అన్నీ చూసి పాస్ చేశాడు. సొంత బండి కాబట్టి మళ్లీ ఐదేళ్లకు చూపిస్తే చాలు. కిరాయి బండ్లకైతే మొదట రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటితే ఏటా తనిఖీ. నువ్వూ నేనూ దీన్ని సర్కారు పీడ అనే అనుకునేవాళ్లం. ఇన్నేళ్లు ఎవరూ కింద చూడని బండిని ఒకసారి చూడమనడమే కదన్నా అది.

మన బండిలో వెనక కూర్చునేది అమ్మ, పిల్లలు. చిన్నప్పటి నుంచి నీ మాట నేను కాదన్నది లేదు. నేను ఐటీఐలో చేరతానంటే ఊరు నవ్వినా, ఆ బండిలో ఎక్కించుకుపోయి చేర్చింది నువ్వే. ఆ చదువే ఈరోజు నీకు కాదని చెప్పమంటోంది. కాగితం నేను ఇప్పించలేను.

దానికి బదులు నేనే వస్తున్నాను. శుక్రవారం నుంచి నాలుగు రోజులు సెలవు అడిగితే నాగరాజప్ప, "పోయిరామ్మా, నా జాకీ కూడా ఎత్తుకోని పో" అన్నాడు. అందాకా బండి బయటికి తీయవద్దు, పిల్లలను బస్సులో పంపు. ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు వెతికి పెట్టు. వదినను కాస్త ఉలవచారు కాచమను, ఇక్కడ ఏ హోటల్లో చూసినా సాంబారే.

అమ్మకు, పెదనాన్నకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కోపమొస్తే నేను వచ్చాక తిట్టు, తిట్టాక దీవించు. ఆ తర్వాత నువ్వు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కు, నేను కింద పడుకుని చూస్తాను.

నీ చెల్లెలు,
సుజాత