గోడ కదిలితే గీత కదులుతాది

అమ్మా,

మన పడమటి గోడను చీల్చింది క్వారీ హనుమంతరాయుడు. పోయిన బేస్తవారం అవ్వ మంచం మీద మట్టిపెళ్ల రాలింది. అడగబోతే, "నా పేలుళ్లకు కాదు, మీ ఇల్లే ముసిల్ది" అని నవ్వినాడు. ఈ సంగతి రాయకుండా ముందే క్షేమమని రాసేదానికి నాకు చేయి రాలేదు. ఇప్పుడు రాస్తాండా: అవ్వా నేనూ క్షేమం, గోడ క్షేమం కాదు. హిందూపురంలో నువ్వూ, గార్మెంట్సులో నీతో పనిచేసేవాళ్లూ బాగుండారని తలుస్తాను.

"ఫోను ఎందుకు ఆపేసినావు, ఎవురితోనన్నా కొట్లాడి పగలగొట్టినావా?" అని చీటీలో అడిగినావు. పగలగొట్టలేదు. కెమెరా ముందరి లెన్సు మాత్రం పెనుకొండలో మసూద్ రిపేరు అంగట్లో పీకించినా. "అందరూ కెమెరా బాగుచేయమని తెస్తారు, చెడగొట్టమని వచ్చింది నువ్వొక్కడివే అబ్బా" అన్నాడు వాడు. లెన్సు వెనక గోరంత సెన్సార్ ఉండాది. దాన్నిండా కంటికి ఆనని లక్షల గళ్లు. తన మీద ఎంత వెలుగు పడిందో ప్రతి గడీ అంకెగా చెప్తాది. ఆ ఫోనును రుబ్బురాయికి కట్టేసినా. నువ్వు ఫోన్ చేస్తే అది గుర్రుమని అదురుతాది, నా గీతలన్నీ చెదిరిపోతాయి. అందుకే ఉత్తరం.

ఏం గీతలు అంటావు. ధర్మవరంలో మా సంఘం మీటింగులో తెచ్చుకున్న సైన్సు కరపత్రంలో చదివినా: ఒకే వెలుగును రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపితే, కొన్నిచోట్ల వెలుగూ వెలుగూ కలిసి చీకటవుతాదంట. రెండు వెలుగులుంటే చీకటెట్ల? కోపమొచ్చి ఒక రాత్రి చేసి చూసినా. పిల్లోళ్లు ఆడుకునే లేజర్ లైటు, నడుమ వెలుగును రెండుగా చీల్చేదానికి ఏటవాలుగా ఒక గాజుపలక, ఆ రెండింటినీ మళ్లీ ఫోను మీదికి తిప్పేదానికి రెండద్దాలు. ఒక అద్దం రుబ్బురాయి మీద, ఇంకోటి చీలిన గోడకు. అవ్వ చూసి, "గోడకు అద్దమేందిరా, అదేమన్నా పెండ్లికూతురా?" అనింది. అమ్మా, ఫోను తెర మీద పడుగు పరిచినట్టు ఎర్రపోగు, నల్లపోగు, ఎర్రపోగు, నల్లపోగు! వెంట్రుక మందాన్ని రెండొందల పాళ్లు చేస్తే, అందులో ఒక్క పాలంత గోడ కదిలినా ఒక పోగు పక్కకు జరుగుతాది. అవ్వ దగ్గితే జరిగింది. దగ్గొద్దని నేను అరిస్తే ఇంకా ఎక్కువ జరిగింది.

ఇంక అసలు మాట. ఎట్ల రాయాలో తెలీక ఇంతసేపు తిప్పినా. సోమవారం క్వారీలో పేలుడు కాగానే చూసినా, గీతలు ఎగురుతాండాయి. నేను ఆగలేదు. గేటు కాడికి ఉరికి, కూలోళ్లందరి ముందర హనుమంతరాయునితో "నీ పాపాన్ని నా కెమెరా పట్టేసింది" అని అరిచినా. ఇంటికొచ్చి చూస్తే గీతలు ఇంకా ఎగురుతానే ఉండాయి! పేలుడై గంటయింది. అంతలో కరెంటు పోయింది. వీధిలో మరమగ్గాలన్నీ నిలిచినాయి. లేజరూ ఫోనూ బ్యాటరీవి కాబట్టి ఆరలేదు. గీతలు మాత్రం గీసిపెట్టినట్టు నిలిచిపోయినాయి. గీతలు చూసేదానికి పెనుకొండ నుంచి వచ్చిన మసూద్, "ఏమప్పా, కరెంటు పోతే నీ విప్లవం కూడా ఆగిపాయనే" అన్నాడు. వాన్ని కొట్టాలనిపించింది. కొడితే గీతలు కదుల్తాయని ఊరుకున్నా.

అంటే క్వారీ తప్పు లేదని కాదమ్మా. మగ్గాల కుదుపులో పేలుడు కుదుపు ఎంతో తెలియలేదు, అంతే. అవ్వ ఆ గోడ కిందే పండుకుంటాది, మంచం జరపనీదు. నేను ఒకరి మీద కేకలేస్తా కూర్చుంటే, నిజంగా గోడను తోసేది తోస్తానే ఉంటాది. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడంల్యా.

పక్కింటి రామాంజనేయులన్నను మగ్గం ఆపమని అడిగినా. "క్వారీవానితో నీ జగడానికి నా మగ్గమేల ఆపాల?" అన్నాడు. "నీ మగ్గందే తప్పయితే?" అన్నా. "చూపించు మళ్ల" అన్నాడు. మిగతావాళ్లను ఆయనే ఒప్పించినాడు. హనుమంతరాయుణ్ణి కూడా పిలిచినా, తొందరపడి అరిచినానని చెప్పి మరీ. ఈసారి ఆయప్ప నవ్వలేదు.

ఆదివారం నీకు సెలవు కదా, రా. ఆ పొద్దు పేలుడు సాయంత్రం ఐదింటికి. నాలుగున్నరకంతా అందరూ మగ్గాలు ఆపి మన వాకిట్లో ఉండాల. గీతలు ఎగిరితే క్వారీ, ఎగరకపోతే మనమే. ఏదైనా కరపత్రం రాసేది నేనే. నినాదాలొద్దు, చప్పట్లొద్దు. వీధి వీధంతా కదలకుండా కూర్చుంటే ఎట్లుంటాదో నేనూ ఎప్పుడూ చూడలేదు. ఆదివారం, నాలుగున్నర. రండి, కూర్చోండి, కదలొద్దండి.

ఇట్లు,
ఊపిరి బిగబట్టుకొని ఎదురుచూసే నీ కొడుకు
వీరేష్