మాట వినని మనిషి

అక్కా, నేను క్షేమమే, ఉద్యోగం మాత్రం గాలిలో దీపం. మా షుగరు క్లినిక్కుకొచ్చే వీధులూడ్చే ఆవిడకు ఎన్ని సూదులేసుకున్నా షుగరు దిగడం లేదు. పెద్ద డాక్టరు ఆవిడ చీటీ మీద "మాట వినదు, ఉచిత మందు ఆపండి" అని రాసేశాడు. నేను ఆరా తీస్తే, "చల్లగా పెట్టమన్నారుగా నర్సమ్మా! ఫ్రిజ్ లేదు, ఐసుగడ్డల్లో పాతిపెట్టా" అంది. గడ్డకట్టిన ఇన్సులిన్ నీళ్లతో సమానం. ఆయన రాత కొట్టేసి "ఇంట్లో ఫ్రిజ్ లేదు" అని రాశాను. రేపు పొద్దున్నే సంజాయిషీ ఇవ్వాలి.

నీ షుగరు ఎంతుంది? మీ అత్తగారి ఫ్రిజ్‌లో నీ ఇన్సులిన్ సీసాకు చోటిస్తున్నారా? దాచకుండా రాయి. బావకు నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు. ఇన్నేళ్లూ నిన్నూ మాట వినవని తిట్టానే గానీ, ఈ ముక్క ఏనాడూ అడగలేదు.

నీ చెల్లి