అలమర వెనక కొలతలు

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

వదినగారికి మీ మరదలి నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాశాననుకోండి. నిజానికి ఒళ్లు మండిపోతోంది.

మీరు తల్లిలా పెంచిన తమ్ముడు పోయి నాలుగు నెలలైనా నన్ను ఊపిరి పీల్చుకోనివ్వడం లేదు. పడగ్గది గోడకు ఆయనే బిగించిన అలమర ఉంది కదా. పోయిన సోమవారం అందులోంచి ఆయన చొక్కాలు తీస్తే వెనక చెక్క ఊడి ఉంది. గోడ మీద పెన్సిలుతో అంకెలు, ఆయన చేతిరాతే. పాతవేలే అని తుడిచేశాను. మర్నాటికి మళ్లీ ఉన్నాయి. కింద చిత్రిక పట్టిన పొట్టు కుప్పగా పడి ఉంది. చేత్తో ఎత్తితే ఇంకా వెచ్చగా ఉంది.

ఆ గోడ అవతల ఏముందో మీకు తెలుసు. మాది రెండో అంతస్తు, కింద వీధి, మధ్యలో ఉత్త గాలి. అయినా చెవి ఆనిస్తే రంపం కోత వినిపిస్తోంది.

మొదట భయపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత కొత్త టేపు కొని గోడ కొలిచాను. ఆయన రాసిన ప్రతి కొలతా ఒక అంగుళం ఎక్కువే. దాంతో భయం పోయి కోపం వచ్చింది. ఆయన టేపుకు మొదటి అంగుళం విరిగిపోయింది కదా. చివర్లో ఒకటి తీసేసి రాసుకోవాలి. ఇరవై రెండేళ్లూ తీసేయడం మర్చిపోయారు. సందులో పట్టని బీరువాలు ఆయన చేస్తే, గుమ్మంలో అరిచేవాళ్లకు సర్దిచెప్పడం నా పని. కొత్తది కొనమంటే చెయ్యి దీనికే అలవాటుపడిందనేవారు. ఆ టేపు ఆయన జేబులోనే పెట్టి సాగనంపాం. అక్కడికి వెళ్లాక కూడా బుద్ధి రాలేదు.

మూడు రోజుల క్రితం గుమ్మం కొలత రాశారు. నిన్న మనిషి కొలతలు, ఎత్తూ భుజాలూ. నన్ను తీసుకెళ్లడానికి తలుపు చేస్తున్నారన్నమాట. వంటగదికి తలుపు పెట్టమని పదేళ్లు మొత్తుకుంటే తీరిక లేదన్నారు. ఇప్పుడు దొరికింది తీరిక.

వెళ్లాలని ఉంది వదినా. ఇంత కోపంలోనూ వెళ్లాలనే ఉంది. మనసు మళ్లించుకోమని పక్కింటి టీచరమ్మ రోజూ చెబుతుంది. ఎటు మళ్లించుకోను, ఏ గదిలోకి వెళ్లినా ఆయన చేసిన చెక్కసామానే.

అందుకని ఆదివారం మీరు రావద్దు. ఇల్లంతా పొట్టు, నాకు ఓపిక లేదు. మరోలా అనుకోకండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. బుధవారం. నిన్న అంటించిన కవరు మళ్లీ చింపాను. ఆ కొలతలు నావి కావు. అంగుళం తీసేసి గీత గీసి, గోడకు ఆనుకుని నిలబడి చూశాను. నా తల నాలుగు వేళ్లు పైకి పోయింది. ఎడమ భుజం కిందికని కూడా రాశారు. ఆ ఎత్తూ ఆ భుజమూ మన ఇళ్లల్లో మీవే. ఈ ఉదయం లోపలి నుంచి తట్టారు. నేనున్నానండీ అన్నాను. "నువ్వు కాదే, అక్క ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. ఉక్రోషం ఆపుకోలేక ఆదివారమని చెప్పేశాను. అప్పటి నుంచి రంపం ఆగలేదు. రావద్దు వదినా.