పిల్లకు సీటు

జైనూర్,
ఫిబ్రవరి 16

ప్రియమైన నర్మదకు,

బాపు ఆశీస్సులు. కరీంనగర్ సర్వీసు కండక్టర్ అంతయ్య చేతికి ఈ ఉత్తరం, పల్లీల డబ్బా ఇస్తున్నాను. మీ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. ఆదివారం మాట్లాడనిచ్చే ఐదు నిమిషాలూ వార్డెన్ పక్కనే నిలబడుతుంది. ఉత్తరమే నయం.

నీట్ ఫారం నింపాను. సెంటర్ కరీంనగరే పెట్టాను. నువ్వు పంపిన ఫోటోలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. తింటున్నావా?

ఎంసెట్ ఈసారి వద్దు. పోయినేడు రెండూ రాశావు. ఎంసెట్‌లో అగ్రికల్చర్ సీటు వచ్చింది, నీట్‌లో డాక్టరు సీటు రాలేదు. మనసు రెండు చోట్ల పెడితే అట్లాగే అవుతుంది. వచ్చిన సీటు వదిలి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరడం నీకు ఇష్టం లేదని తెలుసు. కానీ మీ అమ్మ పోయేముందు అన్నది ఒక్కటే మాట. ‘పిల్లకు సీటు రావాలె.’ నువ్వూ అక్కడే ఉన్నావు. ఆ మాట కాదనే శక్తి నాకు లేదు.

ఇల్లు అట్లాగే ఉంది. ఆమె చీరలు ఇంకా తీయలేదు.

ఉంటాను.
బాపు


కరీంనగర్,
మార్చి 9

ప్రియమైన బాపుకు,

పల్లీలు అందాయి. డబ్బా సగమే ఉంది. నా రూములో ఉండే మంథని అమ్మాయి ఫిర్దోస్ మూత తీసి చూసి, “మీ అంతయ్య మామ దారి పొడుగుతా టోల్ వసూలు చేసిండే” అంది. మిగిలిన సగం అదే తిన్నది.

నేను తింటున్నాను. ఫికర్ చేయకు.

ఇక్కడ ప్రతి ఆదివారం పరీక్ష. వచ్చిన మార్కులను బట్టి సోమవారం బెంచీలు మారుస్తారు. జనవరిలో నేను రెండో బెంచీలో ఉన్నాను. ఇప్పుడు ఏడో బెంచీ. “నర్మదా, ఇంకో రెండు వారాలైతే గోడ అవతల కూసుంటవ్” అన్నాడు ఫిజిక్స్ సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫిజిక్స్ లెక్క చూస్తే నా చేతులు చల్లబడతాయి బాపూ. చదవక కాదు.

పోయినేడు పొలాస అగ్రికల్చర్ కాలేజీ చూడడానికి పోయినప్పుడు, అక్కడ చదివే ఒక అక్క మిరపనారు పీకి వేరుకుళ్లు ఎట్లా మొదలవుతుందో చూపించింది. గంటసేపు ఎండలో కూర్చున్నాం. ఆ గంట నాకు ఏ పరీక్షా గుర్తుకు రాలేదు. నువ్వు గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నావు.

నీట్ మానేస్తానని అనడం లేదు. అది రాస్తాను. ఎంసెట్ కూడా నింపు. నాకిక్కడ నెట్ లేదు, ఫోను లేదు. నువ్వు నింపితేనే ఉంది, లేకపోతే లేదు. ఆఖరు తారీఖు దగ్గరికి వస్తున్నది.

అవ్వ పోయేముందు అన్న మాట గురించి నీకొకటి చెప్పాలి. ఎదురుగా ఉన్నప్పుడు చెప్తాను.

నీ బిడ్డ,
నర్మద


జైనూర్,
మార్చి 30

ప్రియమైన నర్మదకు,

ఎంసెట్ నింపించాను. సాద్ నెట్ సెంటర్లో. హాల్ టికెట్ రాగానే నేనే తెస్తాను. పరీక్ష రోజు పొద్దున్నే హాస్టల్ గేటు దగ్గర ఉంటాను. ఇక ఆ సంగతి మరిచిపోయి ఫిజిక్స్ చూడు.

బస్టాండులో రద్దీ తగ్గడం లేదు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీటు కోసమే కొట్లాట. నిన్న ఆసిఫాబాద్ బస్సు ఆగీ ఆగకముందే ఒకామె కిటికీలోంచి దస్తీ వేసింది. పైకి ఎక్కి చూస్తే దాని మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

“దస్తీ ఏసిన. కనవడ్తలేదా?”

“కనవడ్డది బిడ్డా. మెత్తగున్నది, అందుకే కూసున్న.”

బస్సంతా నవ్వింది. నాకు మీ అమ్మ గుర్తొచ్చింది. బస్టాండు కంట్రోలర్ భార్య. ఒక్క మాట చెబితే డ్రైవరు వెనక సీటు నేనే ఆపించేవాణ్ణి. ఎన్నడూ అడగలేదు. అందరితోపాటు ఉరికి దస్తీ వేసేది. తర్వాత కిటికీలోంచి చెయ్యి ఊపుతూ నాకు చెప్పేది. “పిల్లకు సీటు వట్టిన, నువ్వు పో.”

ఎదురుగా చెప్పాలన్నది నీట్ అయ్యాక చెప్పు. ముందు పరీక్ష.

బాపు


కరీంనగర్,
ఏప్రిల్ 30

బాపుకు,

నిన్న పొద్దున ఆరింటి నుంచి గేటు దగ్గర నిలబడ్డాను. పెన్నులు, నీళ్ల సీసా పట్టుకుని. ఎంసెట్ రాసే పదకొండు మంది హాస్టల్ వ్యానులో కూర్చున్నారు. “ఎక్కవే, మీ బాపు సెంటర్ కాడికే తెస్తుండేమో” అని ఫిర్దోస్ చెయ్యి పట్టి లాగింది. నేను ఎక్కలేదు. నువ్వు గేటు దగ్గర ఉంటానని రాశావు.

వార్డెన్ తన ఫోనులో నా పేరు, పుట్టిన తారీఖు కొట్టి చూసింది. రెండుసార్లు చూసింది. “ఇందుల నీ పేరే లేదు బిడ్డా. ఫారం నింపనేలేదు.”

వ్యాను పోయింది. నేను క్లాసుకు పోయాను. సగం బెంచీలు ఖాళీ. “ఇయ్యాల ఎక్కడన్న కూసో” అన్నాడు సారు.

ఎదురుగా చెప్పాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

అవ్వకు డెంగీ ముదిరిన రోజు ఆదిలాబాద్ తీసుకుపోతున్నాం. అంబులెన్సులో బెంచీ మీద నువ్వు, ఆ మందులిచ్చే అతను కూర్చున్నారు. సెలైన్ సీసా పట్టుకుని నేను నిలబడ్డాను. గుడిహత్నూర్ దాటాక అవ్వ కళ్లు తెరిచింది. కిటికీ చూసింది, నన్ను చూసింది. తాను బస్సులో ఉన్నాననుకుంది. నడుము దగ్గర చెక్కుకున్న దస్తీ తీసి నీ వైపు చాపింది. “పిల్ల నిలవడ్డది. పిల్లకు సీటు వట్టు.”

రావాలె అనలేదు. వట్టు అన్నది. డాక్టరు సీటు కాదు బాపూ. బస్సు సీటు.

నీకు తప్పుగా వినబడిందనుకున్నాను. ఆ మాట పట్టుకునే నువ్వు దినాలు గడుపుతున్నావని ఏడాదిన్నర నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్నందుకే పొలాసలో వచ్చిన సీటు పోగొట్టుకున్నాను.

ఆదివారం నీట్ రాస్తాను. నింపావు కాబట్టి రాస్తాను. తర్వాత జైనూర్ రాను. వేములవాడలో శంకరవ్వ అత్త దగ్గర ఉంటాను.

నర్మద


జైనూర్,
జూన్ 22

ప్రియమైన నర్మదకు,

నీట్ ఫలితం చూశాను. పోయినేటి కంటే తక్కువ. నువ్వూ చూసే ఉంటావు. దాని గురించి రాయడానికి కాదు ఈ ఉత్తరం.

సాద్ మూడు పేజీలు నింపాడు. నీ ఫోటో ఎక్కించాడు. “సార్, సబ్మిట్ కొట్టాల్నా?” అని అడిగాడు. రేపు వస్తానని లేచి వచ్చాను. మళ్లీ పోలేదు. నింపించానని అదే వారం నీకు రాశాను. ఎంసెట్ రాస్తే మంచి ర్యాంకే వస్తుందని, వస్తే పోతావని తెలుసు. అందుకే.

నాకు తప్పుగా వినబడలేదు. ఇరవై ఆరేళ్లుగా బస్టాండులో పని చేస్తున్నవాణ్ణి. సీటు వట్టు అంటే ఏ సీటో నాకు తెలియకపోవడం ఉండదు.

పదో రోజు చుట్టాలందరూ కూర్చున్నారు. చివరికి ఏమన్నదని శంకరవ్వ అడిగింది. బస్సు సీటు అడిగి పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. ‘పిల్లకు సీటు రావాలె’ అన్నదని చెప్పాను. “డాక్టరు సీటే” అని శంకరవ్వ ఏడ్చింది. అందరూ ఏడ్చారు. ఆ ఒక్క మాట మారిస్తే ఆమె చావుకు ఒక అర్థం వచ్చింది. నాకు ఆ అర్థం కావలసి వచ్చింది. దాన్ని నీ చేత మోయించాను.

నువ్వు రాయనిది ఒకటి ఉంది. గుర్తు లేదో, నా మీద జాలిపడి వదిలేశావో. ఆమె అట్లా అన్నప్పుడు దస్తీ అందుకుని “వట్టిన” అన్నాను. అది విని ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. నువ్వు సీసా పట్టుకుని నిలబడే ఉన్నావు. లేచి నా సీటు నీకు ఇవ్వగలిగేవాణ్ణి. ఆదిలాబాద్ ఇంకా అరగంట దూరం. నేను లేవలేదు.

నీకు ఒక ఏడు పోయింది, నా వల్ల. ఇంకో ఏడు దాకా మళ్లీ పరీక్ష లేదు. క్షమించమని అడగను. వచ్చే ఏడు ఏ పరీక్ష రాస్తావో, ఏదీ రాయవో, నేను అడగను. ఫారం నువ్వే నింపుకో. నీ సర్టిఫికెట్లన్నీ, నీ ఫోనూ ఇదే కవరులో పంపుతున్నాను.

దస్తీ కూడా పెట్టాను. ఉతకలేదు. ఎక్కడ వేసుకుంటావో నువ్వే చూసుకో.

నీ బాపు,
దేవదాస్