కల్యాణం పాటకు చరణం లేదు

చైత్ర శుద్ధ అష్టమి, రాత్రి.

రాజన్న పోయాక రేపు మొదటి శ్రీరామనవమి. గుడిలో కల్యాణం పాట నేను ఎత్తుకోవాలట. రాజన్న వాళ్ళ తాత కట్టిన పాట అది, ఎవరూ రాసుకోలేదు. చరణం ఎప్పుడూ రాజన్నే పాడేవాడు. మా భజన వాళ్ళమంతా వంత పాడేవాళ్ళం.

సాయంత్రం గుడిలో కూర్చున్నాం. నోరు తెరిస్తే నాకు వంతే వచ్చింది, చరణం రాలేదు.

"ఏందే లింగయ్యా, పెండ్లిపిల్ల రాకముందే తలంబ్రాలు పోస్తున్నవ్?" అని తాళాల మల్లయ్య నవ్వాడు. తనూ పాడి చూశాడు. వాడికీ వంతే వచ్చింది. ఇక ఎవరూ నవ్వలేదు.

"పరేషాన్ ఎందుకు కాకా? సెల్లుల పాటలు పెడ్తం," అన్నాడు గుడి కమిటీ శ్రీను. అదే నా భయం. ఒక్క ఏడు మైకులో వేరే పాట మోగితే, మా పాటను మళ్ళీ ఎవరు అడుగుతారు?

అక్కడి నుంచి రాజన్న భార్య దగ్గరికి పోయాను. "వదినే, చరణాలు జర యాదికున్నయా?" అని అడిగాను.

"ఇంట్ల ఎన్నడు పాడిండు లింగయ్యా? గుడిల మీతోనే పాడె," అని ఆమె ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు ఒక్కడినే మెల్లగా పాడుకుంటున్నాను. వంత అయిపోగానే అలవాటు కొద్దీ ఆగుతున్నాను. ఎవరూ ఎత్తుకోవడం లేదు.